నాయనకు కనిపించే కాలింగ్ బెల్

మా నాయన కొండ మీదికి బస్సులు నడిపి రిటైరైన మనిషి. ఏళ్ళ తరబడి ఇంజను పక్కనే కూర్చుని చెవులు పోగొట్టుకున్నాడు. చెవి మిషను కొనిస్తే, ఆ గోల పడలేనని చొక్కా జేబులో పెట్టుకుంటాడు. నేను బడిలో లెక్కలు చెప్పడానికి పోతే తిరుపతిలో మా ఇంట్లో పగలంతా ఆయనొక్కడే. కాలింగ్ బెల్ ఎంత మోగినా వినపడదు. ఒకరోజు అలాగే గ్యాసు బండ వెనక్కి పోయింది. నేను ఇల్లు పీకి పందిరి వేశాను.

"పోనీలే పాపా, ఆ గ్యాసాయన తప్ప నా కోసం వచ్చేదెవురు?" అన్నాడు నాయన. ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది.

బెల్లు నొక్కితే వెలిగే లైటు ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాను. పట్టపగలు అది వెలిగిందో లేదో దగ్గరికి పోయి చూడాల్సి వచ్చింది. నాకు తిక్క రేగింది. నేనే చేస్తాను పో అని, ఆదివారాల్లో సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేయడం నేర్పే క్లాసులో చేరాను. అక్కడ నేర్పే అమ్మాయి నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడుది.

మొదటి రోజే కాగితం మీద చుక్కలు పెట్టి ఇచ్చింది. ఒక్కో చుక్క, చిప్పుకుండే సన్నటి లోహపు కాలు ఒకటి దిగే రంధ్రం. ఏది దేనితో కలవాలో పక్కన రాసుంది. చుక్కలంటే నాకు భయమా? చిన్నప్పటి నుంచి మెలికల ముగ్గులు వేసిన చేయి ఇది. గీత మీదుగా గీతను పోనిచ్చి, చుక్కలన్నీ కలిపేసి, మెప్పు కోసం ఎదురుచూశాను.

ఆ అమ్మాయి నోరెళ్ళబెట్టింది. "అక్కా, ఇది ముగ్గు కాదు. గీతంటే రాగి. రెండు గీతలు యాడ తగిలినా కరెంటు ఆడికాడే కలిసిపోతాది."

"మరి దాటాలంటే?"

"దాటకూడదు. చుట్టూ తిరిగి పోవాల. దావే లేకుంటే పైన ఒక తీగ ముక్క వేసి దూకించాల."

ఒక గీత ఇంకో గీతను తాకకుండా ఎనిమిది కాళ్ళ చిప్పు చుట్టూ దారులు తీసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. రాగి రేకు అతికించిన అట్ట మీద మార్కర్‌తో గీసి, గోధుమరంగు రసాయనంలో ముంచాను. గీయని చోట రాగి కరిగిపోయి నా గీతలు మాత్రమే మిగిలాయి. నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. ఇంటికి తెచ్చి చిప్పు బిగించి, టంకం పెట్టి, కరెంటు ఇచ్చాను.

లైటు వెలగలేదు. కాలిన వాసన వచ్చింది. చిప్పు ముట్టుకుంటే వేలు చురుక్కుమంది.

మరుసటి ఆదివారం ఆ అమ్మాయి బోర్డును తిప్పి చూసింది. "చిప్పు పైన కూచుంటాది, రాగి అడుగున ఉంటాది. మీరు పైనుంచి చూసినట్టే అడుగున గీసినారు. ఎడమది కుడికి పోయింది కదక్కా. ప్లస్సు తగలాల్సిన కాలికి మైనస్సు తగిలింది."

అద్దంలో బొమ్మ ఎలా తిరగబడుతుందో పిల్లలకు గీసి చూపించేది నేనే! తల కొట్టేసినట్టయింది.

ఈసారి తిప్పి గీశాను. వీధి తలుపు దగ్గరి మీటకు కలిపి, నాయన కుర్చీకి ఎదురుగా గోడ మీద లైట్ల పట్టీ అతికించాను. మీట నొక్కగానే గది గదంతా వెలిగి ఆరింది. నాయన ఉలిక్కిపడి, "ఎనక బండోడు లైటు కొట్టినట్టుండాదే!" అని నవ్వాడు.

ఒక సెలవు రోజు నేను వంటింట్లో ఉండగా లైటు వెలిగింది. నేను చేయి కడుక్కునేలోపే నాయన పోయి తలుపు తీశాడు. గుమ్మంలో, పక్కనున్న వడమాలపేట నుంచి వచ్చిన ఆయన స్నేహితుడు. ఇద్దరూ ఒకే డిపోలో బస్సులు నడిపారు. చాలాకాలంగా ఆయన మా గడప తొక్కలేదని నాయన ఆ పేరెత్తడమే మానేశాడు.

"ఏమబ్బా, ఈ పొద్దన్నా తలుపు తీసినావే!" ఆయన నాయన చెవి దగ్గర అరిచాడు. "ఫోను ఎత్తవు. ఎన్ని తూర్లు వచ్చి బెల్లు కొట్టి కొట్టి పోయినానో తెలుసునా? నా మీద కోపమేమో అనుకుంటి."

నేను వంటింటి గుమ్మంలోనే కొయ్యబారిపోయాను. అంతా విన్నాడో, పెదాలు చూసి పట్టుకున్నాడో గానీ, నాయన మొహంలో రంగు మారిపోయింది. స్నేహితుడి చేయి వదలకుండా లోపలికి తెచ్చి కూర్చోబెట్టాడు. తర్వాత నాయన గోడ మీద ఆరిపోయిన లైటు వైపు చూసి, నన్నడిగాడు.

"అయితే పాపా, ఇంకా ఎవురెవురు వచ్చి ఎనక్కి పోయినారో?"