ఎళ్ల అమావాస్య నాటి భజ్జి

దయ్యాలు, ఆత్మలు అంటేనే నాకు ఒళ్లు మంట. ముందే చెప్పేస్తున్నాను. మా ఆఫీసులో ఎవరైనా పాడుబడ్డ బంగళా కథ మొదలుపెడితే టీ గ్లాసు పట్టుకుని బయటికి వెళ్లిపోయేవాణ్ణి. యాభై రెండేళ్లొచ్చినా నా బండికి ఇంతవరకు ఒక్క నిమ్మకాయ కట్టలేదు. ఇది చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. వేరేవాళ్లు రాసి ఉంటే నేనూ నవ్వేవాణ్ణే.

నాది తిరుగుడు ఉద్యోగం. పొలాల్లో మందు కొట్టే పంపులు బాగుచేసే పని. ఇల్లు సంగారెడ్డిలో. సదాశివపేట, జహీరాబాద్, నారాయణఖేడ్, అటు బీదర్, హుమ్నాబాద్ దాకా మోటారు సైకిలు మీద తిరుగుతాను. పని ఎక్కడున్నా సరే, పదకొండు కొట్టేసరికి నా బుర్రలో ఒకటే ఆలోచన. ఇవాళ ఎక్కడ తినాలి?

పెద్ద హోటళ్లు నాకు పడవు. చిన్న ఊళ్లలో, రేకుల కింద, ఒక్క ఆడమనిషి వండి పెట్టే చోట్లు వెతుక్కుంటూ పోతాను. నారాయణఖేడ్ బస్టాండు వెనకాల పుంటికూర పప్పు ఒకామె చేస్తుంది, దానికోసం పని లేకపోయినా పని కల్పించుకుని వెళ్తాను. బీదర్‌లో పొద్దున పూట మరమరాల ఉగ్గాని, మిర్చి బజ్జి. జహీరాబాద్‌లో కన్నడం వాళ్లు నడిపే ఖానావళి ఉంది. కాగితంలా పల్చని జొన్న రొట్టె, గుత్తి వంకాయ, పల్లీల పొడి మీద ఇంత నూనె. తిని లేచాక మళ్లీ పనికి వెళ్లబుద్ధి కాదు.

కొత్త హోటల్లో కూర్చోగానే నీళ్లు కూడా తాగకుండా ఉల్లిగడ్డ అడుగుతాను. నిన్న కోసిపెట్టిన ఉల్లిగడ్డ తెచ్చినవాడి కూర ఎట్లా ఉంటుందో తిని చూడక్కర్లేదు. ఈ అలవాటు చూసి మా ఆవిడ తల కొట్టుకుంటుంది. తిండి పిచ్చి నాకు అంటించింది మాత్రం మా అక్క అనసూయ.

అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. అమ్మ కూలికి పోతే నన్ను సాకింది అక్కే. ఝరాసంగం దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. మూడెకరాల చేను, కందులు, జొన్నలు, కొంచెం పత్తి. బావ మాట కఠినం, మనిషి మంచివాడు. ఒక్కడే కొడుకు.

ఆ ప్రాంతంలో ఎళ్ల అమావాస్య అని ఒక పండగ చేస్తారు. చలికాలంలో వస్తుంది. ఇంటిల్లిపాదీ వంట కట్టుకుని చేనుకు పోయి, జొన్న దంట్లతో చిన్న గుడిసె వేసి, అయిదు రాళ్లకు పూజ చేసి అక్కడే తింటారు. దొరికిన కాయగూరలు, ఆకుకూరలు, పచ్చి కందులు, పచ్చి శనగలు అన్నీ కలిపి వండే కూరను భజ్జి అంటారు. ఆ రోజు గట్టు మీద పోయేవాడు ముక్కూ మొహం తెలియనివాడైనా పిలిచి పెడతారు. చేనులోకి వచ్చినవాణ్ణి తినకుండా పంపరు. డ్యూటీలో ఉండి రాలేనివాళ్లకు, చేను లేనివాళ్లకు డబ్బాల్లో పెట్టి పంపిస్తారు.

మూడేళ్ల కింద ఆ పండగకు అక్క పిలిస్తే నేనూ వెళ్లాను. విస్తరి ముందు కూర్చున్నాం. నా కూతుర్ని వాళ్లబ్బాయికి ఇమ్మని బావ అడిగాడు. నా కూతురికి ఇష్టం లేదు. ఆ మాటే మెల్లగా చెప్తే అయిపోయేది. నా నోటికి అంత మంచితనం ఎక్కడిది! "నా బిడ్డను చదివించింది మీ పశువుల పేడ ఎత్తడానికి కాదు" అన్నాను. అంతమంది చుట్టాల ముందు. బావ మొహం నల్లబడింది. ఆయన ఏదో అన్నాడు, నేను ఇంకేదో అన్నాను, విస్తరి ముందు నుంచి లేచి బండి దగ్గరికి నడిచాను.

అక్క చేతిలో రొట్టె పట్టుకుని చేను గట్టు దాకా నా వెనకాలే పరిగెత్తుకొచ్చింది. "జర తినిపో తమ్మీ, కోపం నా మీద తీయ్, తిండి మీద తీయకు" అన్నది. నేను వెనక్కి చూడలేదు.

తర్వాత రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ముందు ఆమే పిలవడం మానేసింది, తర్వాత నాకు మొహం చెల్లలేదు. పోయిన వానాకాలంలో చిన్నాన్న కొడుకు ఫోన్ చేసి అక్క పోయిందన్నాడు. వెళ్లాను. గుండె ఆగిందని ఎవరో అన్నారు. చివర నిలబడి, బావతో మాట్లాడకుండా, ఇంట్లో కాలు పెట్టకుండా వచ్చేశాను. అంత సిగ్గులేనివాణ్ణి నేను.

ఇక అసలు సంగతి. పోయిన చలికాలం ఒక రోజు జహీరాబాద్‌లో పని తొందరగా అయిపోయింది. ఖానావళికి వెళ్తే తలుపు మూసుంది. పక్కన కిరాణా ఆయన, "ఇయ్యాల ఎల్లమాస గద సార్, అందరు చేన్లకు పోయిన్రు" అన్నాడు. ఎళ్ల అమావాస్యను వాళ్లు అట్లాగే అంటారు. ఆ ఊళ్లో ఇక ఉండలేక హుమ్నాబాద్ రోడ్డు పట్టాను.

చిరాగ్‌పల్లి దాటకముందే ఆకలి చంపేసింది. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, గోడ మీద సున్నంతో 'జొన్న రొట్టె' అని రాసుంది. నేనెప్పుడూ ఆగని చోటు. సమయం ఒంటిగంట దాటింది, ఎండ బాగానే ఉంది. లోపల నేనొక్కణ్ణే. నలభై అయిదేళ్ల ఆవిడ రొట్టెలు కొడుతోంది. పేరు శరణమ్మ అని తర్వాత తెలిసింది.

బల్ల ముందు కూర్చుని ఉల్లిగడ్డ అడిగాను. ఆమె చేతిలో రొట్టె ఆపి నా వైపు తేరిపార చూసింది. లోపలికి పోయి స్టీలు డబ్బా తెచ్చి, అందులోంచి భజ్జి వడ్డించింది. వేడి రొట్టె, అప్పుడే కోసిన ఉల్లిగడ్డ, ఒక గిన్నెలో ఉప్పు. ఉప్పెందుకో అర్థం కాలేదు. నా పక్క బల్ల మీద తనూ కూర్చుంది. హోటలు ఆవిడ అట్లా కూర్చోవడం నాకు వింతగా అనిపించింది, కానీ ఆకలి మీద ఉన్నాను.

రెండు రొట్టెలు తిన్నాను. రుచి చెప్పడానికి మాటలు రావు. ఒక్కటే లోటు. అలవాటు చొప్పున గులిగాను, "అంతా బాగుందమ్మా, ఉప్పే తక్కువేశావు."

"నేను జెయ్యలె అన్నా. మీ అక్క తెచ్చిచ్చింది. ఉప్పు తక్కువుంటది, మా తమ్ముడు గులుగుతడు, జర పక్కకు పెట్టు అన్నది. నేను మర్చిపోకుండ పెట్టిన."

నేను నవ్వాను. "ఎవరనుకుంటున్నావమ్మా? నాకు ఇక్కడ అక్క ఎవరూ లేరు."

"నువ్వేనన్నా. పొద్దుగాల పదింటికి వచ్చింది. నా తమ్ముడు వస్తడు, కూసోంగనే నీళ్లు తాగకుంట ఉల్లిగడ్డ అడుగుతడు, ఆయనకు పెట్టు అన్నది. మాకు చేను లేదు, ఎల్లమాసకు ఎవలో ఒకలు గిట్ల తెచ్చిస్తనే ఉంటరు. నేనేం అడగలె."

డబ్బా అందుకుని తిప్పి చూశాను. దాని మీద 'చి.ల.సౌ. అనసూయ' అని చెక్కి ఉంది. లోకంలో అనసూయలు ఎంతమంది లేరు? ఆ క్షణంలో కూడా నేను అదే అనుకున్నాను. అడుగు చూశాను. అక్క పెళ్లి సామాన్ల మీద పేర్లు చెక్కిస్తుంటే నేను మారాం చేశానని, ఆ చెక్కేవాడు మిషను ఒక్క నిమిషం నా చేతికిచ్చాడు. అప్పుడు నేను చెక్కిన వంకర 'కి' అక్కడ ఉంది. నా పేరు కిష్టయ్య.

పళ్లెంలో ఇంకా భజ్జి ఉంది. లేవబోయాను.

శరణమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "లేవకన్నా. సగంల లేస్తడు, తిన్నదాక పక్కన కూసో అని మరీ మరీ చెప్పి పోయింది. మాటిచ్చిన."

తిన్నాను. కళ్లు, ముక్కు కారుతూనే ఉన్నాయి, తిన్నాను. డబ్బా ఖాళీ అయ్యేదాకా తిన్నాను. ఆమె ఇంకో రొట్టె కాల్చి తెచ్చింది, అదీ తిన్నాను.

డబ్బా కడిగించుకుని బండి వెనక్కి, అక్క ఊరి వైపు తిప్పాను. దారంతా తర్కంగానే ఆలోచించాను. బావో మేనల్లుడో పంపి ఉంటారు, ఎవరో చుట్టపామె తెచ్చి ఉంటుంది, శరణమ్మ అక్క అని పొరపడి ఉంటుంది. కానీ నేను ఆ షెడ్డు దగ్గర ఆగుతానని పొద్దున పదింటికి నాకే తెలియదు. ఇక వాళ్లకెట్లా తెలుస్తుంది?

బావ ఇంటి ముందు మంచం మీద ఒక్కడే కూర్చున్నాడు. మనిషి సగమైపోయాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను డబ్బా ఆయన చేతిలో పెట్టాను. తిప్పి దాని మీది పేరు చూశాడు.

"ఇది నీ దగ్గరికెట్ల వచ్చింది?"

చెప్పాను. ఆయన నన్ను లోపలికి తీసుకుపోయాడు. అక్క పోయాక ఆమె సామాన్లు ఎవరినీ ముట్టనివ్వకుండా అటక మీద తనే సర్ది పెట్టాడట. స్టూలు ఎక్కి చూశాను. గిన్నెలన్నిటి మీదా దుమ్ము. మధ్యలో ఒక్కచోట డబ్బా అడుగంత గుండ్రంగా దుమ్ము లేని జాగా.

"ఏడాది ఎల్లందే మాకు పండుగ లేదు. ఈ ఇంట్ల ఇయ్యాల పొయ్యి మీద పప్పన్నమే. భజ్జి ఎవలు జేస్తరు?" అన్నాడు బావ. కొడుకు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకు పోయాడు, ఇంకా రాలేదు.

ఉప్పు సంగతి చెప్పగానే ఆయన గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. "దవాఖానల ఉప్పు బంద్ జెయ్యమన్నరు. ఏడాదిన్నర. కిడ్నీలు పోయినయ్ గద. అప్పటికెల్లి చెయ్యి అట్లనే పడ్డది, ఏం జేసినా ఉప్పు తక్కువనే. మేం పైకెల్లి కలుపుకునేటోళ్లం."

నాకు ఆ సంగతి తెలియదు. ఏడాదిన్నర వారానికి రెండుసార్లు జహీరాబాద్ దవాఖానకు వచ్చి రక్తం శుద్ధి చేయించుకుని వెళ్లిందట. అదే జహీరాబాద్‌లో నేను ఖానావళిలో కూర్చుని వంకాయ కూర బాగుందా లేదా అని చూసుకుంటున్నాను.

"ఎందుకు చెప్పలేదు బావా?" అని అరిచాను. అరవడానికి నాకేం హక్కుందో!

"నేను చెప్తనన్న. ఆమెనే వొద్దన్నది. రోగం జూడనీకి వస్తే నాకొద్దు, తిననీకి రావాలె, అన్నది."

ఆ పూట బావ పెట్టిన పప్పన్నం కూడా తిన్నాను. ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆ రోజు అన్న మాటకు క్షమించమని అడిగాను. ఆయన నా పళ్లెంలో ఇంకొంచెం అన్నం వేశాడు.

వారం తర్వాత మళ్లీ శరణమ్మ దగ్గరికి వెళ్లాను. మాట మార్చలేదు. అక్క ఫోటో చూపిస్తే, "ఈమెనే, కాకుంటే జర బక్కగుండె" అన్నది. ఏ ఆటోలో వచ్చిందో, ఎటు పోయిందో చూడలేదట. మేనల్లుణ్ణి అడిగాను, ఆ వీధిలో వాళ్లను అడిగాను. ఆ రోజు అటక ఎక్కినవాళ్లు లేరు, చిరాగ్‌పల్లి వైపు పోయినవాళ్లు లేరు. అంతకు మించి నాకేమీ దొరకలేదు.

ఇది చెప్తే అందరూ ఒకటే అడుగుతారు. చనిపోయిన మనిషి అంత దూరం డబ్బా పట్టుకుని ఎట్లా వచ్చిందని. నాకు తెలియదు. బతికున్నవాణ్ణి, బండి ఉన్నవాణ్ణి, నెలకు రెండుసార్లు ఝరాసంగం మలుపు దాటేవాణ్ణి, మూడేళ్లలో ఒక్కసారి బండి అటు ఎందుకు తిప్పలేదని మాత్రం ఎవరూ అడగరు.