మా అమ్మాయి రక్తపరీక్షకు మొదటి వేలు నాదే

పొదల్లో ఉండే చిన్న పురుగు కుడితే ఒంట్లో బ్యాక్టీరియా చేరి వచ్చే జ్వరం స్క్రబ్ టైఫస్. దాన్ని పట్టుకునే కొత్త రక్తపరీక్ష తయారుచేసే పనిలో మా సుజాత ఉందని ఊరంతా చెప్పుకుని మురిసినవాణ్ణే నేను. కానీ భద్రాచలం అవతలి గూడేల్లో ఏ రోగమూ లేనివాళ్ల నెత్తురు కూడా అడుగుతోందని తెలిశాక అనుమానం పట్టుకుంది. బాగున్న మనిషి నెత్తురుతో ఏం పని? పిల్లను ఎవరైనా మోసం చేస్తున్నారేమో, కళ్లారా చూద్దామని బయలుదేరాను.

పెనుబల్లిలో పొద్దున ఆరింటికి బస్సెక్కి, కొత్తగూడెంలో మారి, పదింటికల్లా భద్రాచలం చేరాను. అక్కడి నుంచి గూడేనికి ఆటో కిరాయి మూడు వందలు. దారంతా డ్రైవర్ అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.

"నెత్తురు తీసేటోళ్ల మనిషివా పెద్దాయనా?"

"కాదు, ఆ తీసే పిల్ల నాయనను."

"గట్లయితే ముందే చెప్తున్న, ఆడ ఒక్కరు గూడ చెయ్యి ఇస్తలేరు."

నిజమే. బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్న సుజాత "నాన్నా, నువ్వేంది ఈడ?" అంటూ లేచింది. ఎదురుగా గూడెమంతా చేతులు కట్టుకుని నిలబడింది. ఈరోజూ ఎవరూ రాకపోతే ఇక్కడ పని ఆపేసి వెళ్లిపోవాలట. ముత్తమ్మ అనే ముసలమ్మ గట్టిగా అడుగుతోంది.

"జరం ఎప్పుడో పాయె. ఇంకేం మిగిలిందని?"

"జరం పోయినా దానితో కొట్లాడిన గుర్తులు నెత్తుర్ల ఉంటయవ్వా, యాంటీబాడీలంటరు. గవి ఉన్నోళ్లకు ఈ పరీక్ష పట్టీ మీద రెండు గీతలు, లేనోళ్లకు ఒకటే రావాలె. అప్పుడే మా పరీక్ష నిజం చెప్తున్నట్టు" అంది సుజాత.

"నమ్ముడెట్ల? ఈయన మీ అయ్యేనా? ముందుగాల ఆయన వేలు పొడువు."

బాగున్నవాళ్ల నెత్తురు ఎందుకో నాకప్పుడే అర్థమైంది. "నాకే రోగం లేదు, ఒకటే గీత వస్తది చూడు" అంటూ వేలు చాపాను. పావుగంటకు రెండు గీతలు!

సుజాత నా ముఖంలోకి చూసింది. "నాన్నా, జరమొచ్చిందా నీకు? ఫోన్ల బాగున్ననంటివి?"

వచ్చింది. వానల్లో పామాయిల్ తోటలో గడ్డి కోశాక చంకలో నల్లటి పొక్కు లేచింది. ముల్లు గుచ్చుకుందనుకుని పసుపూ సున్నమూ రాశాను. తర్వాత వారం రోజులు జ్వరంతో కాలిపోయాను. సత్తుపల్లి డాక్టరు బిళ్లలతో తగ్గింది. పిల్ల కంగారుపడుతుందని చెప్పలేదు.

ముత్తమ్మ పగలబడి నవ్వింది. "బిడ్డకు చెప్పకుండ దాపెట్టిన జరాన్ని గూడ పట్టిందే! రా పిల్లా, నాది జూడు." ఆమె వెనక వరస కట్టారు.

బిడ్డను అనుమానించి వెళ్లి నేనే దొరికిపోయాను. అయినా నా అంత అదృష్టవంతుడు ఎవడండీ! ఆ పట్టీ మీది రెండు గీతలు తలుచుకుంటూ, తిరుగు బస్సులో పక్కనున్నవాళ్లందరికీ చెప్పుకుంటూ వచ్చాను. ఈ వైపు వచ్చేవాళ్లకు ఒక్క మాట: గడ్డిలో కూర్చున్నా, పొదల్లో నడిచినా, స్నానం చేసేటప్పుడు ఒళ్లంతా చూసుకోండి. నల్ల పొక్కు కనిపించి జ్వరమొస్తే డాక్టరుకు చూపించండి, పిల్లలకూ చెప్పండి.