ఎవరూ విప్పని గిటార్

సంగీత వాద్యాలు అమ్మే ఆ దుకాణంలో పగటి వెలుగు పడే చోటు ఒక్కటే ఉంది. వీధివైపు కిటికీ పక్కన, నాలుగడుగుల మేర. ఆ నాలుగడుగులనూ పదిహేనేళ్లుగా ఒక అద్దాల బీరువా ఆక్రమించుకుని ఉంది. బీరువాలో ఒకే ఒక్క పాత ఎలక్ట్రిక్ గిటార్. ఎర్రరంగు అక్కడక్కడ వెలిసి, అంచుల్లో చెక్క బయటపడి, పింఛను పుచ్చుకుంటున్న పెద్దమనిషిలా అది తీరిగ్గా ఎండ కాచుకుంటూ ఉంటుంది. గిటార్లను బాగుచేసే మనిషి మాత్రం మెట్ల కింద, ట్యూబులైటు వెలుతురులో, ఒళ్లో చెక్కపలక పెట్టుకుని పనిచేస్తుంది.

ఆ మనిషిని వచ్చేపోయేవాళ్లంతా తీగలక్క అంటారు. వయసు నలభై ఆరు. దుకాణం ఆమె బావగారిది, అంటే భర్తకు అన్నగారిది. గిటార్‌లో తీగల కింద పికప్ అనే భాగం ఉంటుంది. అయస్కాంతం చుట్టూ తలవెంట్రుక కన్నా సన్నని రాగితీగను వేల చుట్లు చుడితే అది తయారవుతుంది; తీగల కదలికను పట్టి స్పీకరుకు అందించేది అదే. దాన్ని చేత్తో చుట్టగలవాళ్లు ఆ ఊళ్లో తీగలక్క తప్ప మరొకరు లేరు. ఏడేళ్లలో ఆమె కళ్లద్దాల నంబరు మూడుసార్లు మారింది. "వెలుగున్న చోట కూర్చుని చేసుకోండమ్మా, లేదంటే మానెయ్యండి" అని కళ్ల డాక్టరు తేల్చి చెప్పేశాడు. మానేసే ఉద్దేశం ఆమెకు లేదు. కాబట్టి ఆమెకు కావలసింది ఆ కిటికీ.

"అది అమ్ముడుపోనీ అమ్మాయ్, ఆ చోటు నీదే" అని బావగారు మాట ఇచ్చారు. ఇచ్చి ఆరేళ్లయింది. ఆ మాట నమ్మి ఆమె వడ్రంగి చేత కొలత ప్రకారం బల్ల కూడా చేయించుకుంది. అది రెండేళ్లుగా ఇంట్లో పడకగది తలుపు వెనక నిలువునా నిలబడి, రాత్రి లేచిన ప్రతివాళ్ల మోకాలికీ తగులుతోంది.

"మా అన్నయ్య మాట తప్పే మనిషి కాదే" అంటాడు స్కూలు బస్సు నడిపే ఆమె భర్త, మోకాలు రుద్దుకుంటూ. "ఎప్పుడన్నది చెప్పడు, అంతే."

గిటార్ అమ్ముడుపోకపోవడానికి కారణం కొనేవాళ్లు లేక కాదు. కొనేవాళ్లు ఒప్పుకోవడమే దానికి అడ్డం. ఒకసారి ఒక పళ్ల డాక్టరు వచ్చి, బావగారు చెప్పిన నాలుగు లక్షలకు బేరమాడకుండా తల ఊపాడు. బావగారి ముఖం వాడిపోయింది. ఆయన్ను కూర్చోబెట్టి మెట్ల కిందికి వచ్చారు.

"ఒక్క మాటకే ఒప్పేసుకున్నాడు అమ్మాయ్! అంటే మనం ఎంత తక్కువ చెప్పామో చూడు."

"ఆయనకు నచ్చింది, ఒప్పుకున్నాడు బావగారూ. ఇచ్చెయ్యండి."

"ఇదిగో, ఫోన్లో చూడు. ఇలాంటిదే ఎక్కడో ఏడు లక్షలట."

"అది అడుగుతున్న ధర. ఎవరైనా ఇచ్చిన ధర కాదు. అడగడానికేం, చందమామకూ ధర అడగొచ్చు."

ఆయన తిరిగి వెళ్లి ఆరున్నర అన్నారు. పళ్ల డాక్టరు నోరు తెరిచి, మూసి, వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లందరిదీ అదే కథ. ఒప్పుకున్నవాడు అమాయకుడిలా కనిపిస్తే అర లక్ష, తెలివైనవాడిలా కనిపిస్తే లక్ష పెరిగేది. ఆరేళ్లలో ధర తొమ్మిది లక్షలకు చేరింది. బావగారి ఎదుట గొంతు పెంచడం ఇంట్లో అలవాటు లేదు కనుక తీగలక్క తన విసుగంతా స్క్రూల మీద చూపించేది. ఆమె బిగించిన స్క్రూ విప్పడం తర్వాత ఎవరి తరమూ అయ్యేది కాదు.

అన్నిటికన్నా ఆమెను మండించేది బీరువాకు వేలాడే అట్టముక్క. దాని మీద బావగారు గుండ్రటి అక్షరాలతో 'తయారైన నాటి నుంచి ఎవరూ విప్పనిది' అని రాశారు. పాత గిటార్ల బేరంలో ఆ ఒక్క మాటకే సగం ధర. లోపల ఒక్క తీగ మారినా, ఒక్క అతుకు కొత్తదైనా ధర కూలబడుతుంది.

పదకొండేళ్ల క్రితం ఆ గిటార్ పికప్ చచ్చిపోయింది. బావగారే దాన్ని బీరువాలోంచి తీసి, "కాస్త చూడు అమ్మాయ్" అని ఆమె ఒళ్లో పెట్టారు. రెండు రోజులు కూర్చుని ఆమె కొత్త తీగ చుట్టింది. తీగలక్కకు ఒక పద్ధతి ఉంది. తాను విప్పిన ప్రతి వాద్యంలోనూ, పైకి కనిపించని చెక్క మీద పెన్సిలుతో తేదీ, చేసిన పని రాస్తుంది. దాని కింద సొంతదారు చేత సంతకం పెట్టిస్తుంది. నా వస్తువు మార్చేశావని రేపెవరూ గొడవకు రాకుండా. ఆ రోజు బావగారు నవ్వుతూ సంతకం పెట్టారు. తర్వాత నిజంగానే మరిచిపోయారు. ఒకసారి గుర్తుచేస్తే, "అది వేరే గిటార్ అమ్మాయ్, నీకు లెక్కలేనన్ని వస్తాయిగా, కలగాపులగం చేస్తున్నావు" అని ఆమెనే ఓదార్చారు.

ఈ పరిస్థితిలో, ఒక మధ్యాహ్నం, పాత గిటార్లు పోగుచేసే ఇంజినీరొకాయన వచ్చాడు. బీరువా చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ధర విని సరేనన్నాడు. బావగారి పెదవులు 'పది' అనబోతూ కదలడం మెట్ల కింద నుంచే తీగలక్కకు కనిపించింది.

"ఆగండి సార్" అన్నాడు ఇంజినీరు. "పది అంటారు. పదకొండైనా ఇస్తాను. కానీ ఆ అట్ట మీది మాట నిజమై ఉండాలి." మెట్లవైపు తిరిగాడు. "మేడమ్, ఇక్కడ రిపేర్లు చేసేది మీరే కదా? దీన్ని నిజంగా ఎవరూ విప్పలేదా?"

తలుపు వెనక నిలబడ్డ బల్ల తీగలక్క కళ్లముందు మెదిలింది. 'లేదు' అనే రెండక్షరాలు అంటే చాలు, సాయంత్రానికి అది కిటికీ పక్కన ఉంటుంది. అనకపోతే, ఈ జన్మకు ట్యూబులైటే. బావగారు ఆమెవైపు నిండు నమ్మకంతో చూస్తున్నారు. ఆ నమ్మకమే ఆమె ఒళ్లు మండించింది. అబద్ధం చెప్పమని అడిగినా బాగుండేది. ఈయన అది నిజమనే నమ్ముతున్నారు!

ఆమె స్క్రూడ్రైవరు పట్టుకుని లేచి, బీరువా తెరిచి గిటార్‌ను బయటికి తీసింది.

"అమ్మాయ్! ఏమిటది? విప్పితే విప్పినట్టే కదా!"

"విప్పే ఉంది బావగారూ. ఎన్నిసార్లు చెప్పించుకుంటారు?"

తాను బిగించిన స్క్రూలు తననే ఏడిపించాయి. ఎనిమిదోది ఊడాక పైపలక ఎత్తి, గిటార్‌ను కిటికీవైపు తిప్పింది. పగటి వెలుగులో పెన్సిలు గీతలు స్పష్టంగా కనిపించాయి. తేదీ. 'పికప్ కొత్తగా చుట్టడమైనది.' దాని కింద, ఎవరూ కాదనలేని గుండ్రటి అక్షరాల్లో, బావగారి సంతకం.

ఇంజినీరు సంతకాన్నీ అట్టముక్కనూ మార్చి మార్చి చూశాడు. "రెండూ ఒకే చేతిరాత" అని, నవ్వు ఆపుకుంటూ ఆమెకు నమస్కరించి వెళ్లిపోయాడు.

బావగారు స్టూలు మీద కూలబడ్డారు. "నేనే పెట్టానా?" అన్నారు.

"మీరే. టీ తాగుతూ పెట్టారు. అదిగో మరక."

"ముందే చెప్పొద్దూ?"

తీగలక్క విప్పిన స్క్రూలు ఒక్కొక్కటీ ఏరుకుంది. నోరు విప్పితే ఇరవై ఏళ్ల మర్యాద మంటగలిసేది.

"సర్లే. ఇంక దీనికి అద్దాలెందుకు, బీరువా దండగ" అన్నారాయన నీరసంగా. "గోడకు తగిలించెయ్. మిగతావాటితోపాటు ఉంటుంది."

ఆ మాట ఆయన నోట్లోంచి పూర్తిగా రాకముందే ఆమె భర్తకు ఫోను చేసింది. బస్సు పిల్లల్ని దింపేసి నేరుగా ఇంటికి వెళ్లింది, అక్కణ్ణుంచి బల్లతో దుకాణానికి వచ్చింది. బావగారు మనసు మార్చుకునేలోపల బీరువా అద్దాలు విడివిడిగా మెట్ల కిందికి చేరాయి. బల్ల నాలుగడుగుల్లో సరిగ్గా ఇమిడింది. మర్నాడు ఉదయం ఎండలో ఆమె చేతిలోని రాగితీగ మొదటిసారి తళుక్కుమంది. కళ్లద్దాలు కాస్త కిందికి జార్చి, ఆమె నిదానంగా చుట్టడం మొదలుపెట్టింది.

పదో చుట్టు దగ్గర వెనక బావగారి గొంతు వినిపించింది. గోడ దగ్గర ఎవరికో ఎర్ర గిటార్ చూపిస్తున్నారు.

"వాయించి చూడండి. ఇలాంటి నాదం ఇంకెక్కడా రాదు. లోపలి పికప్ మా మరదలు స్వయంగా చేత్తో చుట్టింది. కావాలంటే లోపల తేదీ ఉంది, నా సంతకమూ ఉంది."

"బాగుందండీ. ఎంత?"

"మూడు లక్షలు."

"సరే, తీసుకుంటాను."

తీగలక్క చుట్టడం ఆపి కళ్లు మూసుకుంది.

"ఒక్క నిమిషం ఉండండి" అన్నారు బావగారు. ఆయన చెప్పుల చప్పుడు కిటికీవైపు రాసాగింది.