మూత మీది కుందేలు

ఉదయం ఆరూ ఇరవైకి లాప్‌టాప్ తెర మీద ఒక తెల్లటి గీత పడింది. ఎవరో విద్యార్థిని థీసిస్‌లో మూడో అధ్యాయం టైపు చేస్తున్నాను. గీత పక్కన ఇంకో గీత పడింది, కాసేపటికి తెరంతా బూడిదరంగుకు తిరిగింది. మూతను కొంచెం వెనక్కి వంచి పట్టుకుంటే అక్షరాలు కనిపించేవి, వదిలేస్తే పోయేవి. ఒక చేత్తో మూత పట్టుకుని, ఇంకో చేత్తో ఆ పేజీ పూర్తి చేసి, ఫ్లాపీలో దాచి, కాఫీ పెట్టుకోవడానికి లేచాను. ఆశ్చర్యం కలగలేదు. ఆ ఏడాది నాకు దేనికీ ఆశ్చర్యం కలగలేదు.

అది మా ఆయన లాప్‌టాప్. ఆయన పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. చెన్నైలో పాత కంప్యూటర్లు అమ్మే వీధిలో కొన్నారు. అప్పటికే ఎవరో వాడి వదిలేసిన సరుకు, మోయాలంటే భుజం లాగేది. వేలూరు దగ్గరి మా అత్తవారి ఊరు గుడియాత్తంలో లుంగీ వ్యాపారులకు లేబుళ్ళు గీయడం ఆయన పని. మొదట్లో కుంచెతో గీసేవారు. కంప్యూటర్లో గీసిస్తేనే అచ్చువేస్తామని ప్రెస్సుల వాళ్ళు అనడం మొదలుపెట్టాక దీన్ని కొని, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా, నెమ్మదిగా అలవాటు చేసుకున్నారు. ఆయన పోయాక దాని మీద నేను థీసిస్‌లు టైపు చేసేదాన్ని. కాలేజీ గ్రంథాలయంలో నా ఉద్యోగం నాకుంది. ఈ టైపింగు ఇంట్లో ఏదో ఒక చప్పుడు ఉండాలని పెట్టుకున్నది.

వేలూరులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణానికి తీసుకెళ్ళాను. ఆ దుకాణదారు మర్యాదస్తుడు. ఇంత పాతదానికి తెర దొరకదన్నాడు. దీన్ని ఇచ్చేసి కొత్తది తీసుకోమన్నాడు, లోపల ఆయన గీసినవన్నీ సీడీల్లోకి ఎక్కించి ఇస్తానన్నాడు. తర్వాత మూత వైపు చూసి, ఇవన్నీ గీకేసి శుభ్రం చేసి తెస్తే బాగుంటుందన్నాడు. తన దగ్గర సన్న బ్లేడు ఉందనీ, కావాలంటే తానే గీకుతాననీ అన్నాడు. ఆలోచించుకుంటానని చెప్పి సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

మూత మీద ఉన్నవి లుంగీ లేబుళ్ళు. బయటివాళ్ళకు అది పిల్లవాడి పలకలా కనిపిస్తుంది. చిలుక, రెండు చేపలు, గ్లోబు, విమానం, కంప్యూటరు బొమ్మ కూడా ఒకటి. మా మామగారు మగ్గాలు నడిపిన కాలంలో లుంగీ మార్కులన్నీ జంతువులూ పక్షులూ. ఆ తర్వాత వ్యాపారులు వచ్చి రాకెట్టు కావాలి, ఉపగ్రహం కావాలి అని అడిగేవారు. వాళ్ళు అడిగింది మా ఆయన గీసిచ్చేవారు. ఆంధ్రాకు వెళ్ళే సరుకైతే తెలుగు అక్షరాలు కావాలి. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ తెలుగే మాట్లాడినా ఆయనకు తెలుగు చదవడం రాదు, గుడియాత్తంలో చదువంతా తమిళంలోనే. నేను కాగితం మీద రాసిస్తే దాన్ని బొమ్మను చూసినట్టు చూసి గీసేవారు. అందుకని ఆ మూత మీద నా చేతిరాత కూడా అక్కడక్కడా ఉంది.

మా అత్తవారి ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కొత్త మార్కు లేబుల్ అచ్చై రాగానే కట్టలోంచి మొదటిది తీసి, ఏ పనిముట్టు వల్ల ఆ మార్కు పుట్టిందో దానికి అంటించాలి. ఆ తర్వాతే లుంగీకి. మామగారు మగ్గం స్తంభానికి అంటించేవారట. ఎందుకని అడిగితే ఎవరూ కారణం చెప్పలేదు. పని చేసినదానికి ముందు పెట్టాలి కదా అన్నట్టు చూసేవారు. మగ్గాలు అమ్మేశాక కూడా ఆ పద్ధతి పోలేదు. ఆయన లేబుల్ గీసేది లాప్‌టాప్ మీద కాబట్టి దాని మూతకు అంటించారు. ఇంకో నియమం కూడా ఉంది. అంటించినదాన్ని గీకకూడదు. ఆ వ్యాపారి కొట్టు మూసేసి మార్కు ఆగిపోతే, తర్వాత వచ్చే కొత్త లేబుల్‌ను దాని మీదే అంటించాలి. ఆ ఏళ్ళలో కొట్లు చాలా మూతపడ్డాయి. పవర్‌లూమ్ సరుకు వచ్చింది, కుర్రవాళ్ళు ఇంట్లో లుంగీ మానేసి నిక్కర్లు వేసుకోవడం మొదలుపెట్టారు. మూత కొన్ని చోట్ల అప్పడమంత మందమైంది.

గీకడం గురించి మా వదినకు చెప్పాను. వదిన అంటే ఆయన అక్క. గుడియాత్తంలో ఒక లుంగీ గోడౌన్‌లో మడతల గదిలో పని. లుంగీలు మడత వేసి, ఇస్త్రీ చేసి, లేబుల్ అంటించాలి. అమ్ముడుపోక తిరిగి వచ్చిన సరుకైతే పాత లేబుల్ ఊడదీసి కొత్త మార్కు వేయాలి. పక్కింటివాళ్ళ ఫోన్‌కు చేసి పిలిపించాను.

"బ్లేడు పెట్టి గీకేదానికి అదేమన్నా గడ్డమా?" అంది. "వాని చేతికీయొద్దమ్మా. ఈడికి ఎత్తుకోని రా. లేబుల్ తీసేది మా వేల, దినమూ చేసే పనే."

ఆదివారం కాట్పాడిలో ప్యాసింజరు ఎక్కాను. లాప్‌టాప్‌ను పెళ్ళిలో ఇచ్చిన పసుపు గుడ్డ సంచిలో పెట్టుకుని ఒళ్ళో ఉంచుకున్నాను. లత్తేరిలో రైలు చాలాసేపు ఆగింది. పూలు కట్టే ఒకామె సంచిలో ఏముందని అడిగితే పుస్తకాలని చెప్పాను. నిజం చెబితే మాట్లాడాల్సి వస్తుంది. గుడియాత్తం స్టేషన్ నుంచి ఊళ్ళోకి దూరం. షేర్ ఆటోలో, బీడీ ఆకుల మూట ఒకటీ మనుషులు ఆరుగురూ ఉన్నచోట, సంచి మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను.

వదిన అన్నం పెట్టింది. తింటున్నంతసేపూ గోడౌన్ కబుర్లు చెప్పింది. యజమాని కొడుకు లేబుళ్ళకు బదులు లుంగీ అంచు మీదే పేరు నేయిస్తాడట, అప్పుడు మడతల గదిలో సగంమందిని పంపేస్తారట. పంపితే బీడీలు చుట్టుకుంటానంది. తర్వాత చేతులు కడుక్కుని, లాప్‌టాప్‌ను ముందు పెట్టుకుని, మూతను అరచేత్తో తడిమింది. వేలి కొనతో ఒక్కొక్క చోటా నొక్కి, ఇక్కడ రెండున్నాయి, ఇక్కడ ఒకటే అని చెప్పుకుంటూ వచ్చింది. మూత మధ్యలో గాలిపటం లేబుల్ దగ్గర ఆగింది.

గాలిపటం ఆయన గీసిన చివరి లేబుల్. ఆసుపత్రి మంచం మీద, కడుపు మీద దిండు పెట్టుకుని దాని మీద లాప్‌టాప్ ఉంచుకుని గీశారు. అచ్చై వచ్చేసరికి కూర్చునే ఓపిక లేదు. నన్ను అంటించమని, ఎక్కడో వేలితో చూపించారు. మెరిసే లేబుల్, వెనక గమ్ము దానికదే ఉంది. నేను అంతవరకు ఎప్పుడూ అంటించలేదు. వంకరగా పడింది. ఆయన చూశారు, సరిచేయమనలేదు. ఆ మూత మీద నేను అంటించినది అదొక్కటే. గ్రంథాలయం నుంచి వచ్చి లాప్‌టాప్ తెరవబోయే ముందు రోజూ నా వేలు దాని మీద పడేది.

"దీని కింద టెలిఫోను ఉండాది కదా?" అంది వదిన.

ఉందన్నాను. ఫోన్ బూత్‌లు బాగా నడిచే రోజుల్లో గీసిన మార్కు అది. ఆ వ్యాపారి కొట్టు మూసేశాడు.

"దాని కింద కుందేలు ఉండాది."

నాకు తెలియదు. వదిన చెప్పింది. కుందేలు మామగారి మార్కు. సొంతంగా మామగారు పెట్టుకున్నది అదొక్కటే. లాప్‌టాప్ కొన్న కొత్తలో మా ఆయన మొట్టమొదట గీసింది దాన్నే, నాన్న పాత లేబుల్‌ను చూసి. తర్వాత మామగారు వ్యాపారం ఎత్తేశారు. మిగిలిన లేబుళ్ళ కట్టలు కొన్నాళ్ళు అటక మీద ఉండి, ఒక వానాకాలం చెదలు పడితే నీళ్ళపొయ్యిలోకి వెళ్ళిపోయాయి. మగ్గం స్తంభం కట్టెగా అమ్ముడుపోయింది. కుందేలు ఇంక ఎక్కడా లేదు, సీడీల్లో కూడా ఉండదు, అప్పట్లో గీసినవి ఫ్లాపీల్లోనే దాచేవారు, అవి ఎప్పుడో పాడయ్యాయి.

"మూసినాక కప్పాల్సిందే. తమ్ముడు చేసింది తప్పు కాదు. నాయన కూడా అట్లనే చేసినాడు." గాలిపటం అంచు తడిమింది. "ఒక తూరి చూడాలని ఉండాదమ్మా. నీ గాలిపటం పైన ఉండాది, దినమూ కనపడతాది. మాది అడుగున పడి ఉండాది."

కప్పినదాన్ని తీయకూడదన్న మాట వదిన నోటనే నేను మొదట విన్నాను. ఆ మాట గుర్తుచేయలేదు. వద్దనడానికి నా దగ్గర కారణం ఉంది, దాన్ని చెప్పే ఓపిక లేదు. పైగా గాలిపటం ప్లాస్టిక్ లేబుల్, చినగదు, తీసి మళ్ళీ ఇంకోచోట అంటించుకోవచ్చు అనుకున్నాను. తియ్యమన్నాను.

ముందు ఒక మూలన ఉన్న చేపల లేబుల్ మీద చూసుకుంది. పాత లుంగీ ముక్కను తడిపి పిండి, లేబుల్ మీద పరిచి, ఇస్త్రీ పెట్టెను దాని మీద ఆనించీ ఆనించకుండా తిప్పింది. నూలుకు పెట్టే వేడి కాదు, పాలిస్టరుకు పెట్టే వేడి. గుడ్డ తీసి గోటితో అంచు లేపితే కాగితం తడి అప్పడంలా లేచింది. సగం దాకా లేపి మళ్ళీ అద్దేసింది. రోజంతా చేసే పని కాబట్టి చెయ్యి దానంతటదే పోయింది. నాకు ధైర్యం వచ్చింది.

తర్వాత గాలిపటం మీద గుడ్డ పరిచింది. అదే తడి, అదే వేడి, చెయ్యి తిప్పడం కూడా అదే. చేపల లేబుల్ కాగితం, గాలిపటం ప్లాస్టిక్. అది ఆమెకు అప్పుడు తోచలేదు, నాకూ తోచలేదు. గోడౌన్‌లో అన్నీ కాగితం లేబుళ్ళే. గుడ్డ ఎత్తేసరికి గాలిపటం దానితోపాటు లేచి వచ్చింది. బొటనవేలి గోరంత అయింది. రంగులన్నీ ఒకదాంట్లోకి ఒకటి ముడుచుకుపోయి, తోక ఎక్కడుందో తెలియలేదు.

వదిన ఇస్త్రీ పెట్టెను పక్కన నిలబెట్టింది. ప్లగ్ తీసింది. గుడ్డ మీదున్నదాన్ని వేలితో చదును చేయబోయింది. అది అప్పటికే గట్టిపడింది.

"కాగితమనుకోని పెట్టినానమ్మా," అంది.

"వంకరగానే ఉండింది వదినా," అన్నాను.

ఎదురింట్లో ఎవరో బకెట్టులో నీళ్ళు పడుతున్నారు. తర్వాత నేనే గుడ్డను మళ్ళీ తడిపి పిండి ఆమె చేతికిచ్చాను. ఇక్కడిదాకా వచ్చి ఆపితే రెండూ పోయినట్టే. టెలిఫోను కాగితం లేబుల్, శుభ్రంగా వచ్చేసింది. కింద కుందేలు ఉంది. ఒక చెవి చివర కొంచెం టెలిఫోనుతో పోయింది. ఎరుపు వెలిసి ఇటుకపొడి రంగుకు వచ్చింది. కూర్చుని పక్కకు చూస్తున్న కుందేలు, కింద మామగారి పేరు తమిళంలో.

వదిన ఏడవలేదు. మొహం దగ్గరగా పెట్టి చూసింది. నాయన కుందేలుకు పొట్ట ఇంత లేదని, తమ్ముడు తన పొట్టనే పెట్టేసినాడని అంది. నవ్వుదామని చూసింది. నేను కూడా చూశాను. దాన్ని ఊడదీసి అట్ట మీద అంటించుకుంటావా అని అడిగితే తల ఊపింది, వద్దని. అది కొత్తలో మా ఆయన సొంతంగా కాచిన మైదా జిగురు, పటిక ఎక్కువ వేసేవారు, తీస్తే ముక్కలవుతుంది. ఆమె గోటితో అంచు తాకి చూసి చెప్పింది.

ఆ లాప్‌టాప్‌ను నేను మూతతో సహా ఇచ్చేయలేదు. వేలూరు దుకాణంలో మరలు విప్పించి మూతను విడిగా తీయించాను. దుకాణదారు మూత మీద వేడికి పాలిపోయిన చోటు చూశాడు. బొమ్మలు సీడీల్లోకి ఎక్కించి ఇచ్చి, మిగతాది తూకానికి తీసుకున్నాడు. మరుసటి నెల మూతను గుడియాత్తం తీసుకెళ్ళి వదినకు ఇచ్చాను. ఆమె దాన్ని కుట్టుమిషను వెనక గోడకు ఆనించి పెట్టుకుంది. ఆయుధపూజనాడు దానికి కూడా పసుపూ కుంకుమా పెట్టింది. కుందేలు మీద కాదు, కాగితం తడుస్తుందని పక్కన ప్లాస్టిక్ మీద. ముడుచుకుపోయిన గాలిపటాన్ని నేను కళ్ళద్దాల పెట్టెలో వేసుకున్నాను. కళ్ళద్దాలు మార్చినప్పుడు ఆ పెట్టె ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

కొత్త లాప్‌టాప్ తేలిక. మూత నున్నగా ఉంటుంది, తెరిచేటప్పుడు వేలు జారుతుంది. దాని మీద థీసిస్‌లు టైపు చేస్తున్నాను. దానికేమన్నా అంటించినావా అని వదిన ఒకసారి అడిగింది. అంటించడానికి నా పనిలో లేబుల్ ఏదీ పుట్టదు కదా అన్నాను. అవును కదా అంది.

యజమాని కొడుకు అన్నట్టే పేరును అంచులో నేయిస్తున్నాడు. వదిన ఇప్పుడు బీడీలు చుడుతోంది. లేబుళ్ళు ఇంకా వాడే ఒకటి రెండు కొట్లకు అవి రోల్స్‌గా బయటి ఊరి నుంచి వస్తాయి, మొదటిది ఏదో చివరిది ఏదో ఎవరూ చూడరు. మొదటి లేబుల్‌ను పనిముట్టుకు అంటించడం ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.