నారు మీద కూర్చున్న నిపుణుడు

రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్త రోజుల్లో మా వైపు నొప్పులు రెండే రకాలు: సూదిమందుకు తగ్గేవీ, తగ్గనివీ. మనం కదిలే తీరులోంచి పుట్టే మూడో రకం ఒకటుందని గోదావరి డెల్టా మొత్తానికి చాటిచెప్పిన మొట్టమొదటివాణ్ణి నేనే. (చాటిన మాట నిజం. విన్నవాళ్ళెవరని మాత్రం మా ఆవిణ్ణి అడక్కండి.) ఏలూరులో పదిహేనేళ్ళు డ్రిల్లు మాస్టారుగా ఈల ఊది, నలభయ్యో ఏట, నన్ను "బాబాయ్" అని పిలిచే పిల్లల పక్కన కూర్చుని కినీసియాలజీలో పీజీ చేశాను. ఒళ్ళు ఎలా కదులుతుంది, ఎలా కదిలితే చెడుతుంది అని చెప్పే చదువది. కాలేజీ ఫస్టు వచ్చాను. (సరే, ఆ సబ్జెక్టు తీసుకున్నది ముగ్గురం.)

ఉద్యోగం మానేసి తాడేపల్లిగూడెంలో ఎరువుల కొట్టు పైన గది తీసుకుని బోర్డు పెట్టాను. రెండు నెలల్లో మెట్లెక్కి వచ్చిన నలుగురూ యూరియా వచ్చిందా అని అడిగినవాళ్ళే. మా ఆవిడ శాంతంగా చెప్పింది: "ఏవండీ, ఈ వానాకాలం సార్వా నాట్లు అయ్యేలోపు నొప్పని ఒక్కరైనా రాకపోతే మళ్ళీ వెళ్ళి ఈల అందుకోండి. మీ చోటు ఇంకా ఖాళీగానే ఉందట."

ఈల అందుకోవడమా! జనం మెట్లెక్కకపోతే నేనే చేలోకి దిగుతానని మర్నాడు పొద్దున్నే పెంటపాడు వైపు వెళ్ళాను. పాతికమంది ఆడవాళ్ళు నడుములు వంచి, వెనక్కి అడుగులేస్తూ నాట్లు వేస్తున్నారు. వాళ్ళకు పెద్ద, అందరూ మేస్త్రమ్మ అని పిలిచే ఒక యాభై ఏళ్ళావిడ. గట్టు మీద నిలబడి, నా పాత ఉద్యోగం, కొత్త చదువు చెప్పుకుని ఉపన్యాసం మొదలెట్టాను: "నడుం వంచకూడదమ్మా, మోకాళ్ళు వంచాలి."

"అలాగాండీ మాస్టారూ? ఓ వరస వేసి చూపించండి మరి," అంది మేస్త్రమ్మ.

ప్యాంటు మడిచి దిగాను. శాస్త్రప్రకారం మోకాళ్ళు వంచి ఒకటి నాటాను, రెండు నాటాను. మూడోదానికి వెనక అడుగు బురదలోంచి రాలేదు, ఒళ్ళు మాత్రం వచ్చింది. కట్టలు విప్పి ఉంచిన నారు మీద చతికిలబడ్డాను.

"నడుం బాగానే ఉందండీ, నారే పోయింది!" అంది మేస్త్రమ్మ. చేనంతా నవ్వింది.

నాకూ రోషముంది. ఇంటికి వెళ్ళలేదు. తడి ప్యాంటుతో సాయంత్రం దాకా గట్టు మీదే కూర్చుని వాళ్ళ కదలికలన్నీ పుస్తకంలో రాసుకున్నాను. పని దిగి ట్రాక్టరెక్కేముందు ఇద్దరిద్దరు వీపుకు వీపు ఆనించి, మోచేతులు మెలేసి, ఒకరు వంగి ఇంకొకర్ని వీపు మీదికి ఎత్తుకుంటున్నారు. పైనున్నావిడ ఆకాశాన్ని చూస్తూ "అమ్మయ్య" అంటోంది.

"ఇదెక్కడ నేర్చుకున్నారమ్మా?" అని మేస్త్రమ్మను అడిగాను.

"మా అత్త నేర్పిందండి. ఇది లేపోతే రేపొద్దున్న లేవలేమండి." అంతలో గట్టు మీద నడుం పట్టుకు నిలబడ్డ చేను గలాయన్ని చూసి కేకేసింది: "అయ్యగారూ, ఈ మాస్టారు నడుం మీదే చదువుకున్నారంట. మీకు పనికొత్తారండీ!"

మర్నాడు ఆయన మెట్లెక్కారు. వీపుకు వీపు ఆనించి ఎత్తబోతే ఆయన కదల్లేదు, నేనే కిందికి కుంగాను. ఆ అవమానంలోంచే బల్ల మీద బోర్లా పడుకోబెట్టి అదే సాగదీత తెప్పించే ఉపాయం తట్టింది. నాలుగో వారానికి ఆయన నిటారుగా నడిచారు. తర్వాత వాళ్ళ బావగారొచ్చారు, గణపవరం నుంచి చేపల చెరువులవాళ్ళొచ్చారు. ఈల మాట ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

ఆ పద్ధతి జిల్లా అంతా నా పేరుతోనే చలామణీ అయింది. (ఆ పేరు పెట్టినవాణ్ణి కూడా నేనే.) కొన్నేళ్ళకు మోకాలి నొప్పితో మేస్త్రమ్మ వచ్చింది. బల్ల లేనివాళ్ళు ఇంట్లో చేసుకోవడానికని గోడ మీద నా పేరుతో వేయించిన బొమ్మను, వీపుకు వీపు ఆనించిన ఇద్దరినీ, చాలాసేపు చూసింది. నేను పేరున్న మూలకు అడ్డంగా జరిగాను.

"మాస్టారండీ, కిందున్నామె కాళ్ళు దగ్గరగా పెట్టేశారండి. పడిపోద్ది."

ఆ వారమే బొమ్మ మార్పించాను. నా పేరు తీసి మేస్త్రమ్మ పేరు రాయించడానికే ఇంత వయసు కావలసివచ్చింది.