నన్ను మేడమ్ అన్న అత్త

"రేపు క్లాసు లేదు" అని వాట్సాప్ గ్రూపులో రాశాను. పక్క గదిలో మా అత్త ఫోను టింగుమంది. ఆ గ్రూపులో ఆమె కూడా మెంబరే. ఫోను తలగడ దగ్గర ఉంది, ఆమె మాత్రం వరండాలో చాప మీద ఉంది, తల దగ్గర దీపంతో. గ్రూపులో ఎవరో వెంటనే "ఓకే మేడమ్" అని పెట్టారు. ఇంకొకరు బొటనవేలి బొమ్మ పెట్టారు. క్లాసు ఎందుకు లేదో నేను రాయనేలేదని అప్పుడు గుర్తొచ్చింది. "మా అత్తమ్మ పోయింది" అని రెండో మెసేజి రాశాను. అదీ ఆమె ఫోనులో టింగుమంది.

ఆ సాయంత్రం అత్త టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగింది. మా ఆయన ఆటో తెచ్చేలోపే అంతా అయిపోయింది.

నాకు ఒకచోట కూర్చుని ఏడవడం చేతకాదు. దినాలు అయ్యేదాకా ఇల్లు కదలొద్దన్నారు. కదలకపోతే నాకు కాళ్ళు గుంజుతాయి. పలకరించడానికి వచ్చినవాళ్ళకు నీళ్ళివ్వడానికి లేచేదాన్ని, తాగినవాళ్ళకే మళ్ళీ ఇచ్చేదాన్ని. అత్త లేని కోడలుత్తమురాలు అని వెనక ఎవరో గొణిగారు. ఆ లెక్కన నేను ఇప్పుడు ఉత్తమురాలినైపోయాను. ఈ ఉత్తమత్వాన్ని ఏం చేసుకోవాలో తెలియక ఇల్లంతా తిరుగుతున్నాను. ఇది రాస్తూ కూడా మధ్యలో లేచిపోయి ఉతికిన బట్టలే మళ్ళీ మడతపెట్టి వచ్చాను.

నేను సిరిసిల్లలో ఆడవాళ్ళకు వ్యాయామం నేర్పుతాను. ఒక ఫంక్షన్ హాల్ పైఅంతస్తులో, పొద్దున పూట, పాటలు పెట్టి చేయించే క్లాసు. మా పుట్టిల్లు జగిత్యాల. అక్కడ ఒక మేడమ్ దగ్గర నేర్చుకున్నాను. నొప్పులు అడిగి తెలుసుకో, తెలుసుకున్నది ఎవరికీ చెప్పక మింగెయ్యి అని ఆమె పదే పదే చెప్పేది. తక్కినవన్నీ వాటంతటవే వస్తాయట.

రాలేదు. మొదట్లో మా క్లాసుకు జనం పెళ్ళికి వచ్చినట్టు వచ్చేవాళ్ళు. గోడ వెంట కుర్చీలు వేసుకుని, నువ్వు చెయ్యి బిడ్డా, మేం చూస్తం అనేవాళ్ళు. నేను చెమటలు కక్కుతూ చేస్తే మంచిగ చేసినవని మెచ్చుకుని ఇళ్ళకు పోయేవాళ్ళు. పాట మధ్యలో ఒకామె ఫోను మాట్లాడుకుంటూ నా ముందు నుంచే నడిచి పోయేది. ఇంకొకామె నన్ను పక్కకు జరిపి తనకు నచ్చిన పాట పెట్టుకునేది. వాళ్ళందరికీ నేను ఫలానా ఆమె కోడలిని. కోడలు చేతులెత్తమంటే ఏ ఊళ్ళోనైనా అత్తలు ఎత్తుతారా?

మా అత్త బీడీలు చుట్టి కొడుకునూ బిడ్డనూ పెంచిన మనిషి. చుట్టీ చుట్టీ నడుము ముందుకు వంగిపోయింది. మెచ్చుకోలు ఆమె నోట అరుదు. నా క్లాసు ఎట్లా నడుస్తోందని ఇంట్లో ఒక్కనాడూ అడగలేదు. ఒకరోజు వంటింట్లో గిన్నెలు ఎత్తేస్తూ, ఈ దుకాణం ఇక మూసేస్తానని మా ఆయనతో అన్నాను. ఆమె బయట కూరగాయలు తరుగుతోంది.

తెల్లారి క్లాసు మొదలుకాకముందే మెట్లెక్కి వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, కొంగు నడుముకు దోపి, రెండో వరసలో నిలబడి, రెండు చేతులూ జోడించి, "నమస్తే మేడమ్" అంది. హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. సొంత కోడలిని మేడమ్ అనుడేందని ఒక ముసలామె ఎత్తిపొడిచింది.

"అత్తరికం చెప్పులతోటి బయటనే ఇడిసిన. మీరు గూడ ఇడిసి రాండ్రి" అంది మా అత్త.

మోకాళ్ళు కొంచెం వంచాలి అత్తమ్మా, అన్నాను. వంచలేదు. వినపడలేదేమో అని మళ్ళీ అన్నాను. క్లాసులో తక్కిన వాళ్ళందరినీ నేను అక్కా అనే పిలుస్తాను, మనవళ్ళున్న వాళ్ళనైనా సరే. తననూ అందరి లెక్కనే పిలవమంది. అత్తను అక్కా అని ఎట్లా పిలవడం? పాట నడుస్తోంది, అందరూ చూస్తున్నారు, ఆమె కొయ్యలా నిలబడి ఉంది. చివరకు కళ్ళు మూసుకుని "అక్కా, మోకాళ్ళు" అన్నాను. వెంటనే వంచింది. ఆమె వంచాక వంచకుండా ఉండే ధైర్యం ఆ హాల్లో ఎవరికీ లేదు. మా ఆయన ఆ సంగతి విని, అన్నం పొలమారి, మా అమ్మ నీకు అక్కయితే నేను నీకేమైతనని అడిగాడు.

హాలు నుంచి ఇంటికి నడిచే దారిలో ఒక పాల బూత్ ఉంది. అక్కడిదాకా నేను మేడమ్‌ని, నాకు "మీరు" దక్కేది. పాల ప్యాకెట్ చేతిలో పడిందంటే చాలు, అత్త నిన్నటి పప్పులో ఉప్పు దగ్గర మొదలుపెట్టేది. అప్పుడప్పుడు ఒళ్ళు మండేది. ఇప్పుడే కదా మీరన్నారు అని గొడవకు దిగితే, ఎవరన్నరు అని ఎదురడిగేది. క్లాసులో కోడలికి తలవంచితే ఇంట్లో ఆ బాకీ తీర్చుకోవాలి కదా అనుకునేదాన్ని. కాదని తర్వాత అర్థమైంది. రెండు చోట్లా ఎక్కడి మర్యాద అక్కడ నిలబెట్టింది, అంతే.

ఆలస్యమైతే చప్పుడు లేకుండా వెనక వరసలో నిలబడేది. పక్కామె తప్పు చేసినా దిద్దేది కాదు. దిద్దబోయిన వాళ్ళతో, "నేర్పేటామె ఒక్కతే ఉండాలె. అందరు నేర్పితే నేర్చుకునేటోళ్ళెవ్వరు?" అనేది. ఉర్దూ మాట్లాడే ఒకావిడ బుర్ఖాలో వచ్చేది. ఆమె మెట్లెక్కే చప్పుడు వినగానే మా అత్త పోయి కిటికీల పరదాలు లాగి వచ్చేది, ఎవరూ చెప్పకుండానే. ఒకసారి ఆలస్యంగా వచ్చిన ఒక కొత్త పెళ్ళికూతురిని నేను అందరి ముందూ కసిరాను. అత్త అప్పుడేమీ అనలేదు. పాల బూత్ దాటాక, ఆమె ఇంట్ల ఎన్ని మాటలు పడి అచ్చిందో నీకెరుకనా, అంది. అప్పటినుంచి ఆ పిల్ల ఎప్పుడొచ్చినా నవ్వి లోపలికి రమ్మంటున్నాను.

అట్లా క్లాసు నిలబడింది. ఆడవాళ్ళు నాకు తమ నొప్పులు చెప్పడం మొదలుపెట్టారు. గర్భసంచి తీయించుకున్న సంగతి, అత్తింట్లో ఇంకా చెప్పని కడుపు సంగతి, వీపు మీద దెబ్బ ఎట్లా తగిలిందన్న సంగతి. అన్నీ మింగేశాను.

ఒకరోజు క్లాసయ్యాక అందరూ పోయినా మా అత్త నీళ్ళ క్యాను దగ్గరే ఆగింది. ముందురోజు వేములవాడ పోయి వస్తానని బస్సెక్కింది. పోయింది నిజమే, గుళ్ళో రాజన్నకు దండం పెట్టుకున్నదీ నిజమే. కానీ అక్కడినుంచి ఇంకో బస్సెక్కి కరీంనగర్ పోయి, డాక్టరుకు చూపించుకుని వచ్చిందట.

"గిది కోడలికి చెప్తలేను. మేడమ్‌కు చెప్తున్న" అని తన ఒంటి సంగతి చెప్పింది.

ఏం చెప్పిందో ఇక్కడ కూడా రాయను. వ్యాయామం మానమన్నాడా డాక్టరు అని అడిగాను. మెల్లగా చేయమన్నాడట, ఆయాసమొస్తే ఆపమన్నాడట. మరుసటి రోజు నుంచి గోడ పక్కన ఆమెకు ఒక కుర్చీ వేశాను. ఆమె చేసే అడుగులన్నీ సగానికి తగ్గించాను. పాట నడుస్తున్నంతసేపూ నా కళ్ళు ఆమె ముఖం మీదే ఉండేవి.

ఆ సంగతి చెప్పిన రోజే, పాల బూత్ దాటాక, ఇంట్లో చెబుదాం అత్తమ్మా అన్నాను. దేని గురించి అంటున్నవని అడిగింది, నిజంగా ఏమీ తెలియనట్టు. మర్నాడు హాల్లో, మేడమ్‌గానే, కొడుక్కి చెప్పి తీరాలి అక్కా అన్నాను. చెప్త మేడమ్, టైం రానీయుండ్రి అంది. ఆ తర్వాత ఇంట్లో నాకు నిలకడ లేదు. ఆమె నీళ్ళ బకెట్ ఎత్తితే గుంజుకునేదాన్ని. నాకు చేతుల్లేవా అని తిట్టేది. మా ఆయనకు చెప్పబోయి నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగిన రోజులున్నాయి. నేను పట్టుబట్టి చెప్పించాల్సిందా, లేక ఆమె ఒళ్ళు ఆమె ఇష్టమా? ఎంత ఆలోచించినా ఇది తెగడం లేదు. తెగేలా కూడా లేదు.

ఆమె పోయాక జనానికి పని దొరికింది. గీ వయసుల ఎగురుడేంది, గుండె ఆగకేమైతది అన్నారు. అత్తను ఎగిరిచ్చి ఎగిరిచ్చి పంపిందన్నారు. ఆ మాట గోడ అవతలి నుంచి వస్తే ఓర్చుకునేదాన్ని. ఇంట్లోనుంచే వచ్చింది. కోరుట్లలో ఇచ్చిన మా ఆడబిడ్డ, నాకు వదిన, రోజూ సాయంత్రం తల్లితో ఫోను మాట్లాడనిదే నిద్రపోని మనిషి. బంధువులందరి ముందూ నా వైపు చూసి, "మా అమ్మను నువ్వే ఆగం చేసినవ్" అంది.

నేను నోరు తెరిస్తే ఒక్క మాటతో తేలిపోయేది. కానీ ఆ గదిలో నా క్లాసువాళ్ళు కూడా కూర్చుని ఉన్నారు. కడుపు సంగతి చెప్పిన పిల్ల ఉంది, వీపు మీద దెబ్బ చూపించిన ఆమె ఉంది. సొంత అత్త చెప్పిన మాటే దాచలేనిది మన మాటలేం దాస్తదని వాళ్ళు అనుకోరా? చెప్పకపోతే అత్తను చంపిన కోడలిని, చెబితే ఎవరూ నమ్మి తమ ఒంటి సంగతి చెప్పుకోలేని మేడమ్‌ని. ఎటు చూసినా క్లాసు పోయేటట్టే ఉంది. లేచి నీళ్ళు తేవడానికి పోయాను.

దినాలయ్యాక హాలు తెరిచాను. మా ఆయన తెరవమన్నాడు, కానీ నా ముఖం చూసి అనలేదు. వచ్చినవాళ్ళు కొందరే. స్పీకరు ముట్టుకోవడానికి చేయి రాలేదు, నోటితోనే లెక్కపెడుతూ మొదలుపెట్టాను. అప్పుడు వదిన మెట్లెక్కి వచ్చింది. కోరుట్ల బస్సుకు బయలుదేరిన మనిషి, భుజాన సంచితోనే, గుమ్మంలో నిలబడింది. అందరం ఆగిపోయాం.

"ఫోన్ల మాట్లాడుకుంట అమ్మ ఆయాసపడేది. ఆమె పానం మంచిగ లేదని నీకు ముందుగాలనే ఎరుకనా?" అని అడిగింది.

ఒక్కొక్కరి ముఖం నావైపు తిరిగింది. ఒక్కొక్కరూ నాతో చెప్పిన మాట ఒక్కొక్కటి అక్కడ నిలబడి ఉంది.

"ఈ హాల్ల నాకు చెప్పింది నేను ఎవ్వరికి చెప్పను వదినా. మీరడిగినా చెప్పను" అన్నాను.

వదిన తిడుతుందనుకున్నాను. గట్టిగా పట్టుకున్న సంచి పట్టీ మెల్లగా భుజం మీది నుంచి జారి కింద పడింది. వదిన ఆ సంచి పక్కనే గడప మీద కూలబడింది.

"అంటే నీకు చెప్పింది" అంది. "మరి నాకెందుకు చెప్పలే?"

ఆ ప్రశ్న నన్ను అడిగింది కాదు. ఇన్నాళ్ళూ నన్ను తిట్టిన కోపం వెనక ఉన్నది ఇదేనని అప్పుడు అర్థమైంది. మీకు చెబితే మీరు కోరుట్ల నుంచి వచ్చి కాళ్ళ మీద పడి ఏడుస్తారని, మంచానికి కట్టేస్తారని, అందుకే చెప్పి ఉండదని అనాలనుకున్నాను. అదీ నేను చెప్పదగిన మాట కాదు. కొంగుతో ముఖం తుడుచుకుని ఆమే తల ఎత్తింది.

"గిక్కడ ఏం చేసేది మా అమ్మ? చూపియ్యి."

ఎవరి తప్పడుగునూ అందరి ముందు చేసి చూపించకూడదు. అది వెక్కిరింపవుతుంది. నేర్పేవాళ్ళు ఎప్పుడూ ఒప్పడుగే చూపించాలి. కానీ ఆమె అడిగింది ఒప్పడుగు కాదు. నేను పక్కకు రెండడుగులు వేసి, ఒక చేయి కుర్చీ వీపు మీద ఉంచి, సగం వంగి, మిగతావాళ్ళంతా ఆగిపోయాక కొట్టినట్టు తీరిగ్గా, బతుకమ్మ ఆడేటప్పటి లెక్క ఒక చప్పట కొట్టాను. నేను ఏ అడుగు చెప్పినా మా అత్త చివరికి చేసేది అదే. క్లాసులో ఒకామె ఏడుపూ నవ్వూ కలిసిన చప్పుడొకటి చేసింది.

వదిన లేచి వచ్చి నా పక్కన నిలబడింది. మళ్ళీ చేశాను. ఆమె నా కాళ్ళనే చూస్తూ అడుగు వేసింది. లెక్క నేనే పెట్టాను. ఆమె చప్పట ఆలస్యంగా పడింది. నేను దిద్దలేదు, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను.