మీరా సాహెబ్ కౌబాయ్ జీను

సినిమాలో ఎంతమంది చచ్చినా మా మీరా సాహెబ్‌కి అభ్యంతరం లేదు. చచ్చినవాడి గుర్రానికి జీను తప్పుగా కట్టి ఉంటే మాత్రం ఊరుకోడు. హాల్లో లేచి నిలబడి, తెర మీది అమెరికావాళ్ళకి అనకాపల్లి తెలుగులో తప్పు చెప్పి, ఆ తర్వాతే కూర్చుంటాడు. వెనకవాళ్ళు తిడతారు. ఆయన చెవికెక్కని ఆ తిట్లన్నీ పక్కసీట్లో ఉన్న నేనే వినాలి. నేను హైస్కూల్లో చరిత్ర చెప్పే మాస్టర్ని. వెనక బెంచీల్లో సగంమంది నా శిష్యులే.

అరవైల్లో మా ఊరి సినిమాహాల్లో ఆదివారం పొద్దుటాటకి ఇంగ్లీషు పిక్చరు వేసేవారు. వాటిలో గుర్రాల పిక్చర్లంటే నాకు ప్రాణం. ఒకడు పారిపోతాడు, ఇంకొకడు తరుముతాడు, మధ్యలో బోలెడంత దుమ్ము. అంతకంటే మనిషికి ఏం కావాలి? మీరా సాహెబ్‌ది మెయిన్‌రోడ్డులో జట్కా సామాను కుట్టే కొట్టు. కళ్ళేలు, పట్టీలు, జీన్లు పాతికేళ్ళుగా ఆయన చేతి మీదే తయారయ్యేవి. పిక్చరు నిండా గుర్రాలేనని నేనే నోరు జారి చెప్పాను. ఆ ఆదివారమే నాతో వచ్చాడు. దాంతో నా సుఖం పోయింది.

కథానాయకుడు ఎడారిలో దొంగని తరుముతున్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. సాహెబ్ నా మోచెయ్యి పొడిచాడు.

"మాస్టారూ, మూడ్రోజుల్నించి పరిగెట్టిత్తన్నాడు గదా. ఆ గుర్రానికి ఉలవలెవుడు పెట్టేడు?"

సినిమాల్లో అవన్నీ చూపించరని చెప్పాను.

"సూపించకపోతే మానె. మూటేదీ? జీను ఎనకాల దాణా మూటుండాలి గదా."

నిజంగానే మూట లేదు. అన్నాళ్ళు చూసినా నాకు ఆ లోటు కనిపించలేదు. ఆ రోజు నుంచి ఆ లేని మూట తప్ప నాకింకేమీ కనిపించలేదు. దొంగ దొరికాడో లేదో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇంకోసారి పిక్చరు మొదట్లో తెరమీద వేసిన సంవత్సరం నాచేత చదివించుకున్నాడు. అరగంట పోయాక, ఆ జీనుది చేతికుట్టు కాదు మిషనుకుట్టనీ, ఆ సంవత్సరానికి తోలు కుట్టే మిషను పుట్టిందా లేదా చెప్పమనీ పట్టుకున్నాడు. పానిపట్టు యుద్ధాలు మూడూ తారీఖులతో చెప్పగలను గాని తోలు మిషను పుట్టినరోజు నాకేం తెలుసు? "సరిత్ర మాస్టారికి తెలీపోతే ఇంకెవులికి తెలుత్తాది?" అని ఆయన పైకే అన్నాడు. వెనక బెంచీలు పకపకా నవ్వాయి. మరో పిక్చరులో కథానాయకుడు చచ్చిపోతున్న గుర్రాన్ని కావలించుకుని ఏడుస్తుంటే, ఆడవాళ్ళ క్లాసులో ముక్కులు చీదుకుంటున్నారు. సాహెబ్ లేచి, మొదటి గుర్రానికి ఎడంకాలు తెలుపు, దీనికి కుడికాలు తెలుపు, అసలు గుర్రం క్షేమంగా ఉంది, ఎవరూ ఏడవనక్కర్లేదని హామీ ఇచ్చాడు. ఏడుపు ఆగిపోయింది. పిక్చరూ అక్కడితో చచ్చిపోయింది.

నేను సీటు మార్చాను. ఆయనా మార్చాడు. జ్వరమని ఇంట్లో పడుకుంటే, భార్య గుల్జార్‌బీ చేత కషాయం కాయించి గిన్నెతో వచ్చి, నేను తాగేదాకా మంచం దగ్గరే కూర్చుని, ఆ తర్వాత సినిమాకి తీసుకెళ్ళాడు.

ఇంతలో హాలు మేనేజరు త్రినాధరావుకి ఒక పెద్ద గుర్రాల పిక్చరు దొరికింది. మామూలుగా పిక్చరు మారినప్పుడల్లా పైడిరాజు జట్కాకి రెండువైపులా బోర్డులు కట్టి, ముందు డప్పు వాయిస్తూ, కరపత్రాలు విసురుతూ ఊరు తిప్పేవారు. ఈసారి బండి వద్దు, ఒక్క గుర్రం చాలు, దానిమీద గేటుకీపరు సత్తియ్య కౌబాయ్ వేషంలో ఊరేగుతాడు అన్నాడు త్రినాధరావు. ఇది గనక బాగా కుదరకపోతే వచ్చే పిక్చరు నుంచి వైజాగు మైకువ్యానే తెప్పిస్తానని కూడా అన్నాడు. రిక్షాలొచ్చాక పైడిరాజు జట్కా ఎక్కేవాడు లేడు. సినిమా బోర్డులే అతనికింత కూడు పెడుతున్నాయి. వ్యాను వచ్చిందంటే అదీ లేదు.

ఈ కబురు సాహెబ్ చెవిన పడకుండా ఉంటే బాగుండేది. పడింది. వెంటనే వెళ్ళి, జట్కా సామాను కట్టి కౌబాయంటే ఊరు నవ్వుతుందనీ, అసలైన జీను తనే కుట్టి ఇస్తాననీ, దానికి పైసా వద్దు గాని పదిహేను రోజులు కావాలనీ చెప్పాడు. త్రినాధరావు సంబరపడ్డాడు. ఆయనకి సాహెబ్ సంగతి తెలీదు.

మర్నాటి నుంచి ఆ దేశపు రూళ్ళు మొదలయ్యాయి. బండి లాగే గుర్రం నడక వేరు, కౌబాయ్ గుర్రం నడక వేరు, కాబట్టి పదిహేను రోజులూ దాన్ని బండికి కట్టకూడదు. ఆ దేశంలో పక్కటెముకలు కనబడే గుర్రం ఎక్కినవాడిని కౌబాయ్ అనరు, గుర్రాల దొంగ అంటారు, కాబట్టి హాలువాళ్ళే రెండుపూటలా ఉలవలు పెట్టాలి. ఆ దేశంలో గుర్రాన్ని వట్టి వీపుతో నిలబెట్టడం మర్యాద కాదు, కాబట్టి గుల్జార్‌బీ పాత పూలచీర ఒకటి కప్పాలి. ఆ దేశంలో గుర్రం గలవాడు తన జీను పనిలో తనూ చెయ్యి వెయ్యాలి, కాబట్టి పైడిరాజు రోజూ కొట్టుకొచ్చి దారానికి మైనం పట్టించాలి, మధ్యాహ్నం అక్కడే తినాలి. పూలచీర కట్టుకున్న గుర్రాన్ని చూడ్డానికి జనం రావడం మొదలెట్టారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ రూళ్ళు ఎక్కడున్నాయని నిలదీశాను. వాళ్ళ తాత విజయనగరంలో దొరల గుర్రాలకి జీన్లు కుట్టాడట.

"వాళ్ళు ఇంగ్లండు దొరలు సాహెబ్. కౌబాయిలు అమెరికావాళ్ళు."

"ఆ తేడా గుర్రానికి తెలుసేటి?"

ఈయనతో చరిత్ర వాదించేకంటే గోడకి తల బాదుకోవడం నయం.

శుక్రవారం పిక్చరు విడుదలనగా, బుధవారానికి కూడా జీను కాలేదు. త్రినాధరావు నన్ను పిలిచి, రేపు సాయంత్రంలోగా జీను రాకపోతే వ్యానుకి ఫోను చేస్తానని తెగేసి చెప్పాడు. నేను కొట్టుకి పరిగెత్తాను. సాహెబ్ అప్పటికే కుట్టిన కుట్టు విప్పుతున్నాడు. నాకు తిక్కరేగింది. మీ చాదస్తానికి ఒకడి కూడు పోతోంది, మీకు చీమకుట్టినట్టైనా లేదు, అసలు మీరు మనిషేనా అని నోటికొచ్చినట్టు తిట్టాను. మూల కూర్చుని మైనం రాస్తున్న పైడిరాజు తలెత్తలేదు.

"లోపలేపు సరిగ్గా రాలేదు మాస్టారూ," అన్నాడు సాహెబ్.

"లోపలివైపు ఎవడు చూస్తాడు?"

"గుర్రం సూత్తాది," అని మళ్ళీ పనిలో పడ్డాడు.

గురువారం దీపాలు పెట్టే వేళకి జీను వచ్చింది. అబద్ధం ఎందుకు, అంత అందమైన తోలుపని నేనెన్నడూ చూడలేదు. శుక్రవారం పొద్దున్న సత్తియ్య పెద్ద టోపీ, మెడలో ఎర్రగుడ్డ, అట్ట తుపాకీతో సిద్ధమయ్యాడు. గుర్రమెక్కుతున్నాడని కోటవురట్ల నుంచి బంధువులు బస్సెక్కి వచ్చారు. డప్పు మొదలైంది. సత్తియ్య రికాబులో కాలు పెట్టాడు. సాహెబ్ అడ్డం పడ్డాడు.

ఎడారిలో మూడురోజులు ప్రయాణం చేసిన కౌబాయ్ గుర్రమెక్కడట. దిగి, కళ్ళెం పట్టుకుని పక్కన నడుస్తాడట. సత్తియ్య దాదాపు ఏడ్చాడు. త్రినాధరావు పళ్ళు నూరాడు. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. ఇక తగువుకి వేళ లేదు, డప్పు ముందుకి వెళ్ళిపోయింది. కౌబాయ్ నడిచాడు.

స్టేషను నుంచి బెల్లం మార్కెట్టు మీదుగా గవరపాలెం దాకా ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న, అంత మంచి జీను పెట్టుకుని నడుస్తాడేం అని. సత్తియ్య చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకున్నాడు. జవాబు నమ్మనివాళ్ళు వెంట నడిచారు. వాళ్ళని చూసి ఇంకొందరు కలిశారు. మ్యాట్నీకి హాలు నిండింది, ఫస్టుషోకి టిక్కెట్లు దొరక్క జనం తిరిగి వెళ్ళిపోయారు.

త్రినాధరావు ఆనందం పట్టలేక హాలు వెనక గుర్రంతో మేమున్న షెడ్డుకి వచ్చాడు. జీనుని ముందు వరండాలో వేలాడదీస్తానని తనే విప్పి, తిరగేశాడు. లోపలివైపు మెత్త మధ్యలో అరచెయ్యంత బెజ్జం ఉంది. దాని అంచు చుట్టూ మెత్తటి పాతబట్ట దగ్గర దగ్గర కుట్లతో కుట్టి ఉంది.

"ఏటిది? ఇంత బెజ్జమెందుకు?"

నేను గుర్రం వీపు చూశాను. సరిగ్గా ఆ చోటే, పసుపు మరకల మధ్య, అరచెయ్యంత మానిన పుండు. గులాబీరంగు చర్మం మీద కొత్తవెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. పైడిరాజు గబగబా పూలచీర కప్పాడు. జట్కా కట్టి కట్టి పడిన పుండు అది. పని మానితే అతనికి తిండి లేదు, మానకపోతే గుర్రానికి వీపు లేదు. పదిహేను రోజుల కిందట ఈ సంగతి బయటపడి ఉంటే ఆ రోజే వ్యాను వచ్చేది. పైడిరాజు పరువు పోకుండా, ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా, ఈ మనిషి ఒక గుర్రానికి దాణా, విశ్రాంతి, వైద్యం అన్నీ అమెరికా పేరు చెప్పి చేయించాడు. నాచేత తిట్లు కూడా తిన్నాడు. నాకు సిగ్గేసింది.

ప్రతిదానికీ జవాబున్న మీరా సాహెబ్ నేలచూపులు చూస్తున్నాడు.

"ఆ దేశంలో అంతేనండి," అన్నాను నేను. "ఎడారి కదా. గుర్రం వీపుకి గాలి తగలాలని జీనుకి బెజ్జం పెట్టేవారు. చరిత్రలో ఉంది."

పానిపట్టు తారీఖు ఒక్క ఏడాది తప్పితే పిల్లలకి సున్నా వేసే మనిషిని నేను. త్రినాధరావు మొహం విచ్చుకుంది. వచ్చే పిక్చరుకీ పైడిరాజునే రమ్మన్నాడు. బెజ్జం అందరికీ కనబడాలని జీనుని తిరగేసే వేలాడదీయించాడు. కింద అట్టమీద నా మాట నాచేతే రాయించాడు.

ఇంటిదారిలో సాహెబ్ తలవంచుకుని నడిచాడు. కృతజ్ఞత చెప్పడానికి మాటలు వెతుక్కుంటున్నాడనుకుని నా మనసూ కరిగింది. రైల్వే గేటు దగ్గర ఆగాడు.

"మాస్టారూ, గాలికని సెప్పకుండా ఉండాల్సింది."

"ఏం?"

"పైన మనిషి కూకుంటే గాలెలాగ ఎల్తాది? సెమట నిలవకుండా అని సెప్పాలి. తెలిసినోడు సదివితే మన పరువేటవుద్ది?"

ఇక జన్మలో ఈయన పక్కన కూర్చుని సినిమా చూడనని ఆ గేటు దగ్గరే ఒట్టు పెట్టుకున్నాను. ఆదివారం పొద్దున్నే వెళ్ళి రెండు టిక్కెట్లు తీసుకున్నాను.